'దొరసాని' అంటే ఎవరు? ఆస్తి, ఆడవాళ్ళు, ఒక మాట చరిత్ర

ఆస్తి ఉన్న మగవాణ్ణి పిలవడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. దొర, కామందు, ఆసామి, మోతుబరి, భూస్వామి, జమీందారు, పట్టాదారు. ఆస్తి ఉన్న ఆడమనిషిని పిలవాల్సి వచ్చేసరికి భాష తడబడుతుంది. ఆసామికి ఆడరూపం లేదు. మోతుబరికీ లేదు. 'భూస్వామిని', 'జమీందారిణి' పుస్తకాల్లో తప్ప ఊళ్ళో వినపడవు. జనం నోట నిజంగా నలిగిన మాట ఒక్కటే మిగిలింది: దొరసాని.

ఈ మాట గురించి మేం ఎందుకు రాస్తున్నాం? స్త్రీకి ఆస్తిహక్కు అనగానే మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చంతా 'స్త్రీ' ఒక్కతే అన్నట్టు సాగుతుంది. ఊళ్ళో ఆ ఒక్కతి ఎప్పుడూ లేదు. గడీలో కూర్చున్న ఆడమనిషి ఉంది, ఆ గడీ వాకిలి ఊడ్చిన ఆడమనిషి ఉంది. మొదటి ఆమెకు ఒక మాట దొరికింది. ఆ మాటను రోజూ పలికింది మాత్రం రెండో ఆమె. కాబట్టి పిలిచిన వాళ్ళ వైపు నుంచి దొరసాని అర్థం ఏమిటో తేల్చడం మా పని. పిలిచిన వాళ్ళు మా అవ్వలూ, అమ్మమ్మలూ.

మాటలో సగం

దొరసాని రెండు ముక్కల మాట. 'దొర' ద్రావిడ పదం, తమిళంలో 'తురై' దాని చుట్టం. 'సాని' సంస్కృతం 'స్వామిని' నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెప్తారు. స్వామిని అంటే యజమానురాలు. అంటే ఈ మాటలో సొంతదారు అన్న అర్థం రెండో ముక్కలోనే ఉంది. ఆ ముక్కకు పట్టిన గతి చూస్తే ఆడవాళ్ళ ఆస్తి చరిత్ర సగం తెలుస్తుంది.

కాకతీయుల కాలం శాసనాల్లో 'సాని' గౌరవ వాచకం. పెద్దింటి ఆడవాళ్ళ పేర్ల చివర వస్తుంది, గుడిలో సేవ చేసే ఆడవాళ్ళ పేర్ల చివరా వస్తుంది. దాక్షారామం లాంటి పెద్ద గుళ్ళ శాసనాల్లో దీపానికి పశువుల్నీ, సొమ్మునీ సొంతంగా దానం ఇచ్చిన ఆడవాళ్ళు కనిపిస్తారు. కాకతీయ కాలపు దానశాసనాల మీద పని చేసిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఈ గుడిసానులను దాతలుగానే లెక్కలోకి తీసుకుంది. దానం ఇవ్వాలంటే ఇవ్వడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఆ రోజుల్లో సాని చేతిలో అది ఉంది.

అదే కాలంలో ఇంకో సంగతి కూడా ఉంది. 1262 నుంచి 1289 దాకా ఓరుగల్లు ఏలిన రుద్రమదేవిని శాసనాలు చాలాచోట్ల 'రుద్రదేవ మహారాజు' అని పిలుస్తాయి. ఆడదానికి రాజ్యం రావొచ్చు గానీ రాజ్యానికి ఆడమాట రాలేదు. దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ఏడు వందల ఏళ్ళ తర్వాత పట్టా పాసు పుస్తకంలోనూ ఇదే తిరకాసు ఎదురవుతుంది.

తర్వాతి కాలంలో సాని అనే మాట దిగజారింది. బ్రౌన్ 1852లో అచ్చు వేసిన నిఘంటువు నాటికే గొప్పింటి స్త్రీ అన్న అర్థం పక్కన వేశ్య అన్న అర్థమూ చేరిపోయింది. గురజాడ 'కన్యాశుల్కం' (1897, మార్చిన ప్రతి 1909) నాటికి కోస్తా పట్నాల్లో 'సాని' అంటే ఇంకో అర్థం తోచని స్థితి వచ్చింది. సానిది, సానివాడ, సానికొంప అన్నీ తిట్లే. మగవాడికి కట్టుబడని ఆడదాని చేతిలో ఆస్తి ఉంటే ఆ ఆస్తికి సమాజం పెట్టిన పేరు అది.

ఆ ఆస్తి మాత్రం చాలాకాలం నిజమే. గుడిసేవకు ఇచ్చిన మాన్యాలు తల్లి నుంచి కూతురికి దక్కేవి. ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1929లో మద్రాసు శాసనసభ చేసిన చట్టం ఆ మాన్యాలకు గుడిసేవతో ఉన్న ముడి తెంచి, భూమి ఆ ఆడవాళ్ళ కిందే ఉండేలా చూసింది. 1947లో అంకితమివ్వడాన్నే మద్రాసు రాష్ట్రం నిషేధించింది.

ఇప్పుడు మూడు మాటలు పక్కపక్కన పెట్టి చూద్దాం. సాని, దొరసాని, మంత్రసాని. ఒకప్పుడు యజమానురాలు అయిన సాని ఒంటరిగా నిలబడితే తిట్టు అయింది. ముందు 'దొర' చేరితే గడీ ఎక్కింది. మూడో ఆమె పురుడు పోసింది. మంత్రసాని పని చాలా ఊళ్ళలో మాదిగ, మంగలి ఆడవాళ్ళది. దొరసాని బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆ చేతులే. బొడ్డు కోసిన మర్నాటి నుంచి ఆ బిడ్డను తాకకూడని చేతులూ అవే. పేరులో స్వామిని ఉన్నంత మాత్రాన మంత్రసానికి కుంట భూమి రాలేదు. దీన్నిబట్టి ఒకటి తేలుతుంది. సాని మాటకు బలం దాని ముందున్న మగమాట నుంచి వస్తోంది. దొర ఉంటేనే దొరసాని.

దొరసాని ఆస్తి ఏది?

దొరసానిని ఆస్తిపరురాలు అనుకుంటాం. ఆమె పేర నిజంగా ఏముంది? పెద్ద కులాల్లో కూతురికి పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చే ఆచారం తెలుగు నేలంతటా ఉంది. నగలు, చీరలు, సామాను స్త్రీధనం. ఈ పాటిది దాటితే మిగతాదంతా మామ పేర, మగని పేర, కొడుకు పేర ఉండేది. 1956 దాకా హిందూ ధర్మశాస్త్రం కింద భర్త ఆస్తి భార్య చేతికి వచ్చినా బతికినన్నాళ్ళు అనుభవించడమే ఆమె హక్కు. స్వేచ్ఛగా అమ్ముకునే అధికారం ఆమెకు లేదు.

ఈ లెక్కలు చూపించి దొరసాని కూడా పీడితురాలే అనే వాళ్ళున్నారు. ఒక మేరకు నిజం. కానీ తెలంగాణలో దొరసాని పుట్టింటి నుంచి తెచ్చుకున్న వాటిలో ఇంకొకటి ఉంది, దాన్ని స్త్రీధనం జాబితాలో ఏ న్యాయశాస్త్రమూ రాయలేదు. అది ఆడబాప. పెళ్ళికూతురితో పాటు అత్తింటికి పంపే దాసీ పిల్ల. ఆమెకు పెళ్ళి ఉండదు, కూలి ఉండదు, తిరిగి వెళ్ళే ఇల్లు ఉండదు. దొరసానికి నీళ్ళు తోడాలి, కాళ్ళు పిసకాలి, దొరకూ దొర చుట్టాలకూ అందుబాటులో ఉండాలి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ పద్ధతి గురించి రాశారు.

భూమి పట్టా ఎవరి పేరన్నా ఉండనీ, ఆడబాప మీద రోజువారీ పెత్తనం దొరసానిదే. ఊళ్ళో మాల మాదిగ ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి చేసే వెట్టిలో కూడా ఇంటి లోపలి భాగం దొరసాని అజమాయిషీ కింద ఉండేది. వడ్లు దంచడం, వాకిలి ఊడ్చడం, కట్టెలు మోయడం, దొరసాని మేనాలో పోతే వెంట పరుగెత్తడం. మేం పిలిచిన వాళ్ళ వైపు నుంచి అర్థం చెప్తామన్నది ఇందుకే. వాళ్ళకు దొరసాని అంటే ఇన్ని ఎకరాల సొంతదారు అని అర్థం కాదు. తమ ఒంటి మీద, తమ పొద్దు మీద, తమ బిడ్డకు పాలిచ్చే గడియ మీద అధికారం ఉన్న ఇంకో ఆడమనిషి అని అర్థం.

విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డి తల్లి జానకమ్మను జనం జానమ్మ దొరసాని అన్నారు. విసునూరు దొరల కింద 40,000 ఎకరాలు ఉన్నట్టు సుందరయ్య లెక్క. కడవెండి గడీలో ఉన్నది ఈ దొరసాని. 1946 జూలై 4న ఊరేగింపు ఆ గడీ ముందుకు వచ్చినప్పుడు దొర మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడు అతనే. ఆ గడీని చూసి జనం భయపడింది మగదొరకు మాత్రమే కాదు. జానమ్మ దొరసాని పేరు చెప్తే పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు వణికారని ఆ ప్రాంతపు పోరాట జ్ఞాపకాలన్నీ చెప్తాయి.

అదే దేశముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మను ఇక్కడ తలుచుకోవాలి. పాలకుర్తిలో ఆమె సాగు చేసిన భూమి కౌలు భూమి. పండిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే సంఘం అండతో అడ్డుకుంది. ఆమెను ఎవరూ దొరసాని అనలేదు, ఆసామి అనలేదు. ఆ భూమికీ ఆమెకూ ఉన్న సంబంధానికి ఊరి భాషలో మాట లేదు. చరిత్ర ఆమెను కులం పేరుతోనే గుర్తు పెట్టుకుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లాంటి పుస్తకాలు రాకపోతే పోరాటంలో నడిచిన ఆడవాళ్ళ గొంతు మనకు ఆ మాత్రం కూడా చేరేది కాదు.

కోస్తాలో మాట ఇంకో దారి పట్టింది. అక్కడ దొర అంటే తెల్లదొర, దొరసాని అంటే తెల్లామె. మిషనరీ భార్యలను దొరసాని అన్నారు, పెళ్ళికాని వాళ్ళను మిస్సమ్మ అన్నారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ తర్వాతి తరాల మాదిగ, మాల ఆడపిల్లలు బడిలో కూర్చుని దొరసాని దగ్గర అక్షరాలు దిద్దారు. కొందరు బైబిలమ్మలయ్యారు, పంతులమ్మలయ్యారు, నర్సులయ్యారు. దొరసాని మాటలో దొరతనం పోలేదు. అయినా వెట్టి చేయించే దొరసానికీ పలక ఇచ్చే దొరసానికీ తేడా ఉంది. భూమి రాకపోయినా జీతం వచ్చిన మొదటి దళిత స్త్రీలలో చాలామంది ఆ దారినే వచ్చారు.

దళిత స్త్రీకి ఆస్తి వచ్చిన దారి

దళిత స్త్రీకి ఆస్తిహక్కు ఇచ్చిన మాట అసలు ఏదీ లేదా? ఒకటి ఉంది. దాన్ని చెప్పుకోవడానికి నోరు రాదు. బసివి.

బళ్ళారి, ఆదోని ప్రాంతాల్లో మాదిగ, బోయ కుటుంబాల్లో కొడుకు లేకపోతే ఒక కూతుర్ని దేవుడి పేర బసివిగా వదిలేవారు. ఆమెకు పెళ్ళి చేయరు. ఆమె తండ్రి ఇంట్లోనే ఉంటుంది. కొడుకులాగా తండ్రి ఆస్తికి వారసురాలవుతుంది. ఆమెకు పుట్టిన పిల్లలు తల్లి తండ్రి ఇంటిపేరు పెట్టుకుంటారు. 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాల గ్రంథంలో ఈ సంగతి నమోదయింది. హిందూ కూతుళ్ళకు చట్టం కొడుకుతో సమాన హక్కు ఇవ్వడానికి ఎన్నో దశాబ్దాల ముందే ఒక మాదిగ కూతురు కొడుకు వాటా పొందింది!

దీన్ని గొప్పగా చెప్పుకునే పొరపాటు చేయకూడదు. ఆ ఇంట్లో ఆస్తి అంటే గుడిసె, రెండు గొడ్లు, ఉంటే గింటే ఒక చెక్క మాన్యం. దానికి ఆమె కట్టిన ధర ఒళ్ళు. ఊళ్ళో పెద్ద కులాల మగవాళ్ళకు ఆమె అందరి మనిషి అయింది. తెలంగాణలో జోగిని, మరోచోట మాతమ్మ, ఇంకోచోట పార్వతి. మాటలు వేరు, వదిలేది మా పిల్లలనే. భాగ్యరెడ్డి వర్మ (1888–1939) హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమం నడుపుతూ ఈ ఆచారం మీద పోరాడింది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ చట్టం 1988లో గానీ రాలేదు.

దొరసానినీ బసివినీ ఎదురెదురుగా నిలబెడితే విషయం తేటపడుతుంది. ఒకామెకు పెళ్ళి వల్ల పెత్తనం వచ్చింది. ఇంకొకామెకు పెళ్ళి లేకపోవడం వల్ల వాటా వచ్చింది. ఒకామె మాటలో మగడు ఉన్నాడు, ఇంకొకామె మాటలో దేవుడు ఉన్నాడు. ఇద్దరికీ తన చెమటకు, తన పుట్టుకకు దక్కాల్సిన భూమిగా అది దక్కలేదు. కానీ ఈ ఇద్దరినీ కలిపి 'స్త్రీలు' అని ఒకే గాట కట్టేస్తే, ఒకామె వాకిట్లో ఇంకొకామె నిలబడిందన్న నిజం మాయమైపోతుంది.

అంబేద్కర్ చట్టం ఎవరికి చేరింది

ఇక్కడ చరిత్ర చేసిన వేళాకోళం ఒకటి ఉంది. కూతురికి, భార్యకు ఆస్తి హక్కు కోసం హిందూ కోడ్ బిల్లును నెత్తిన పెట్టుకున్నది డాక్టర్ అంబేద్కర్. దాన్ని నీరుగార్చారనే 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టాల్లో హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. దాని 14వ సెక్షను స్త్రీ చేతిలోని పరిమిత హక్కును పూర్తి హక్కుగా మార్చింది. 1977లో సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచిన తులసమ్మ కేసు తెలుగు కుటుంబానిదే. మనోవర్తి కింద వచ్చిన ఆస్తి ఆమెకు సొంతమేనని ఆ తీర్పు తేల్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన సవరణ, 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ కూతురిని కొడుకుతో పాటు సమాన వాటాదారును చేశాయి.

అంటరాని ఇంట్లో పుట్టిన మనిషి రాసిన బిల్లు దొరసానిని మొదటిసారి నిజమైన సొంతదారును చేసింది. దొరసాని మనవరాలు ఈ చట్టం చేతపట్టుకుని కోర్టుకు పోవచ్చు. ఆడబాప మనవరాలు ఏ వాటా కోసం కోర్టుకు పోతుంది? వారసత్వ చట్టం ఉన్నదాన్ని పంచుతుంది. లేనిదాన్ని పంచదు. అందుకే మాకు వారసత్వం ఎంత ముఖ్యమో భూపంపిణీ అంతకన్నా ముఖ్యం అంటున్నాం.

భూపంపిణీ చట్టాలకు కూడా ఆడమనిషి కనపడలేదు. 1973 భూసంస్కరణల చట్టంలో మేజరు కొడుకు ఉంటే ఆ కుటుంబం పరిమితి పెరుగుతుంది. మేజరు కూతురికి ఆ లెక్క లేదు. కౌలు చట్టాలు, పరిమితి చట్టాలు, ప్రభుత్వ భూముల పట్టాలు, అన్నిటా కుటుంబ పెద్ద అంటే మగవాడే అన్నట్టు కాగితాలు నడిచాయి. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడిపే వాళ్ళలో ఆడవాళ్ళు దాదాపు 14 శాతం. 2011 జనాభా లెక్కల్లో 16.6 శాతం ఉన్న షెడ్యూల్డు కులాల చేతిలో కమతాలు దాదాపు 12 శాతం, విస్తీర్ణంలో 9 శాతం లోపే. ఈ రెండు లేమిలూ కలిసే చోట దళిత స్త్రీ నిలబడి ఉంది.

పట్టాదారు ఆడదా మగవాడా?

2014 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాల పథకం మొదలుపెట్టి, ఆ భూమిని ఇంటి ఆడమనిషి పేర రిజిస్టరు చేస్తామంది. అర్హుల్లో కొద్దిమందికే అది అందింది. అందిన చోట మాత్రం ఒక కొత్త మనిషి పుట్టింది: భూమి ఉన్న మాదిగ ఆడది, మాల ఆడది. ఈ మనిషిని పిలవడానికి మాట ఏది? కాగితం ఆమెను పట్టాదారు అంటుంది. పట్టా కలవాడు అన్న మగమాటే అది. పక్కనే తండ్రి పేరో భర్త పేరో రాయడానికి గడి ఉంటుంది. రుద్రమదేవిని రుద్రదేవ మహారాజు చేసిన పద్ధతి పాసు పుస్తకంలో ఇంకా బతికే ఉంది.

ఇది ఉత్త మాటల గొడవ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకే ఇచ్చారు. కౌలుకు చేసే వాళ్ళకు ఇవ్వలేదు. మగని పేర పట్టా ఉన్న భూమిలో రెక్కలు ముక్కలు చేసుకునే భార్యకూ నేరుగా రాలేదు. ఏ మాట కింద మన పేరు రాస్తారన్న దాన్నిబట్టి డబ్బు వస్తుంది, బ్యాంకు అప్పు వస్తుంది, పంట నష్టం వస్తుంది. కూలి అని రాస్తే ఇవేవీ రావు.

ఊళ్ళో మాత్రం ఇంకా పాత మాటే నడుస్తోంది. మా వాడల్లో ఆడమనిషి కాసేపు మంచం మీద కూర్చుంటే చాలు, 'దొరసాని లెక్క కూసున్నవ్' అంటారు. కొత్త చీర కట్టినా, ఎదురు మాట్లాడినా, కూలికి రానన్నా అదే ఎత్తిపొడుపు. దొరసానికి గౌరవమైన మాట మాకు వచ్చేసరికి వెక్కిరింత అయింది. ఆ వెక్కిరింతను మా మగవాళ్ళు కూడా వాడతారు, దాన్ని దాచాల్సిన పని లేదు. పట్నంలో గది కోసం తిరిగే మా విద్యార్థులకు ఇంకో రూపం ఎదురవుతుంది. అక్కడ ఆస్తి ఉన్న ఆడమనిషి పేరు ఓనరమ్మ. అడ్వాన్సు అడిగే ముందు ఆమె అడిగే మాట 'మీరేవుట్లు?' అని. గడీ పోయి మూడంతస్తుల ఇల్లు వచ్చింది. ప్రశ్న మాత్రం గడీదే. 2019లో 'దొరసాని' పేరుతో గడీ పిల్లకూ పేద పిల్లాడికీ ప్రేమ కథగా సినిమా వచ్చింది. కొత్త తరానికి ఆ మాట చెవికి తియ్యగా తగులుతోంది. ఆ మాట కింద వడ్లు దంచిన చేతుల్ని గుర్తు చేయడం కూడా చరిత్ర రాసే వాళ్ళ బాధ్యతే.

మాకు దొరసాని మాట వద్దు. దాన్ని దళిత స్త్రీకి బిరుదుగా తగిలించి మురిసిపోదామని కొందరు మిత్రులు అంటుంటారు. ఆ మాటలోని ఆస్తి ఇంకో ఆడదాని వెట్టి. దాన్ని కడిగి వాడుకోలేం. జహీరాబాదు ప్రాంతంలో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన దళిత మహిళా సంఘాలు ఇంకో దారి చూపించాయి. బీడు భూముల్ని కలిసి కౌలుకు తీసుకున్నారు, ఎస్సీ కార్పొరేషన్ సాయంతో కొన్నారు, జొన్నా కొర్రా పండించి విత్తనాలు దాచారు. అక్కడ ఒకామె సొంతదారు కావడానికి ఇంకొకామె వాకిలి ఊడ్చాల్సిన పని రాలేదు.

మేం కోరేది చిన్న మాట: రైతు. మగవాడికీ ఆడదానికీ ఒకే రూపం ఉన్న మాట అది. ముందు దొర అక్కర్లేదు, వెనక సాని అక్కర్లేదు. మా అవ్వ నాటు వేసింది, కలుపు తీసింది, కోత కోసింది, కుప్ప కొట్టింది. రెవెన్యూ కాగితం ఆమెను కూలి అంది, ఊరు కులం పేరు పెట్టి పిలిచింది. తండ్రి పేరూ మగని పేరూ అడగకుండా, ఆమె పేరు మీదే రైతు అని రాసిన పట్టా కావాలి. దానికి ముందు రాయడానికి భూమి కావాలి.